బీటా టెస్టింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న కొట్లవాళ్లు అప్పుల పద్దు రాసుకోవడానికి మేం నలుగురం కలిసి ఒక యాప్ తయారుచేశాం. దాన్ని బీటాకు ఇచ్చినప్పటి నుంచి తోటి డెవలపర్లు, కాలేజీ జూనియర్లు, "ఈ బీటా నా ఫోన్లో వేసుకోవచ్చా" అంటూ ఇంట్లోవాళ్లు అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. ముందు యాప్ తయారుచేసేవాళ్లవి, చివర్లో వాడి చూసేవాళ్లవి.

బీటా టెస్టింగ్ అంటే అసలు ఏమిటి?

సాఫ్ట్‌వేర్ దాదాపు పూర్తయ్యాక, అందరికీ విడుదల చేయకముందు, దాన్ని రాయనివాళ్ల చేతికిచ్చి వాళ్ల పనికి వాళ్లను వాడుకోనివ్వడం. "వాళ్ల పనికి" అన్నదే ఇందులో ముఖ్యం. మన ఆఫీసులో మనవాళ్లే కూర్చుని టెస్ట్ కేసులు ఒక్కొక్కటిగా చూసేది ఆల్ఫా. బీటాలో ఫోను వాళ్లది, నెట్ వాళ్లది, చేతిలో ఉన్న పని వాళ్లది, తొందరా వాళ్లదే.

ఆల్ఫా, బీటా అనే పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఐబీఎం నుంచి. ఒకప్పుడు వాళ్లు హార్డ్‌వేర్‌కు ఏ, బీ, సీ అని మూడు పరీక్షలు పెట్టుకునేవారు. ఈ వస్తువు తయారుచేయడం సాధ్యమేనా అని చూసేది ఏ. ఇంజినీర్లు చేసిన నమూనా చెప్పినట్టు పనిచేస్తోందా అని చూసేది బీ. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తొలి యంత్రాల మీద అదే పరీక్ష మళ్లీ చేస్తే సీ. సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి ఏ, బీ కాస్తా గ్రీకు అక్షరాలు ఆల్ఫా, బీటా అయ్యాయి. తమాషా ఏమిటంటే, ఇవాళ మనం చేసే బీటా వాళ్ల బీ కన్నా సీకే దగ్గర.

మా టెస్టింగ్ టీమ్ అంతా చూసింది, బగ్‌లన్నీ మూసేశాం. ఇంకా బయటివాళ్లకు ఎందుకు ఇవ్వాలి?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మాకు జరిగింది చెబుతాను.

మా యాప్‌లో కొత్త ఖాతాదారును చేర్చాలంటే ఫోన్ నంబరు తప్పనిసరిగా ఇవ్వాలి. మేం టెస్ట్ చేసినప్పుడు ప్రతి ఖాతాకూ వేరే వేరే నంబరు ఇచ్చుకున్నాం, అన్నీ పాసయ్యాయి. తర్వాత 15 మంది కొట్లవాళ్లకు ఇచ్చాం. రెండో రోజే ఒకాయన ఫోన్ చేసి "పాలావిడ బాకీ, మాస్టారి బాకీ కలిసిపోయాయండీ" అన్నారు. వెళ్లి చూశాం. ఆయన పాత పుస్తకంలో పేర్లు ఇలా ఉన్నాయి: మేడమీద మాస్టారు, పాలావిడ, ఎర్ర స్కూటీ. ఎవరి నంబరూ ఆయన దగ్గర లేదు. ఇరవై ఏళ్లుగా అప్పు పెడుతున్న మనిషిని ఇవాళ కొత్తగా నంబరు అడిగితే "ఏం, నమ్మకం లేదా" అనుకుంటారని మొహమాటం. యాప్ ఏమో నంబరు లేనిదే ముందుకు కదలదు. అందుకని పది తొమ్మిదులు కొట్టారు. తర్వాతి మనిషికీ అవే పది తొమ్మిదులు. ఒకే నంబరు కాబట్టి ఒకే మనిషి అనుకుని మా కోడ్ రెండు బాకీలూ కలిపి ఒకటి చేసింది.

ఇందులో కోడ్ తప్పు లేదు. మేం రాసుకున్న రిక్వైర్‌మెంట్ ప్రకారమే నడిచింది. ఆ రిక్వైర్‌మెంటే తప్పు. దాన్ని మా ఆఫీసులో ఇంకో ఆరు నెలలు టెస్ట్ చేసినా పాసయ్యేదే. టెస్టర్లు ఎంత గట్టివాళ్లయినా, రాసుకున్నదానికి తగ్గట్టు ఉందా లేదా అనే చూస్తారు. రాసుకున్నదే తప్పని చెప్పేది బయటివాళ్లు.

యూఏటీ (యూజర్ యాక్సెప్టెన్స్ టెస్టింగ్), బీటా ఒకటేనా?

కాదు. సర్వీస్ కంపెనీల్లో పనిచేసినవాళ్లు రెండిటినీ కలిపేస్తుంటారు. క్లయింట్ తరఫు మనుషులు వచ్చి, ఒప్పుకున్నవన్నీ వచ్చాయో లేదో చూసి సైన్ ఆఫ్ ఇస్తే అది యూఏటీ. బీటాలో సైన్ ఆఫ్ ఇచ్చేవాళ్లెవరూ ఉండరు. నచ్చకపోతే చెప్పాపెట్టకుండా తీసేస్తారు.

క్లోజ్డ్ బీటాతో మొదలుపెట్టాలా, ఓపెన్ బీటాతోనా?

క్లోజ్డ్‌తో. గూగుల్ ప్లేలో మూడు మెట్లున్నాయి. ఇంటర్నల్ టెస్టింగ్‌లో 100 మంది వరకు చేర్చుకోవచ్చు, బిల్డ్ (అప్పటికి తయారైన యాప్ కూర్పు) దాదాపు అప్పటికప్పుడే చేరుతుంది. క్లోజ్డ్‌లో మీరు ఈమెయిల్ జాబితాలోనో గూగుల్ గ్రూప్‌లోనో చేర్చినవాళ్లకే అందుతుంది. ఓపెన్‌లో ప్లే స్టోర్‌లో చూసి ఎవరైనా చేరవచ్చు. వాట్సాప్ బీటాలో చేరబోతే "నిండిపోయింది" అని వస్తుంది చూడండి, అలా మనిషి లెక్కకు హద్దు కూడా పెట్టుకోవచ్చు.

వెయ్యిమంది అపరిచితుల కన్నా, ఫోన్ చేస్తే ఎత్తే 20 మంది మొదట్లో ఎక్కువ ఉపయోగం.

ప్లే స్టోర్‌లో 12 మంది టెస్టర్లు, 14 రోజులు అంటున్నారు. అది అందరికీనా?

వ్యక్తిగత డెవలపర్ ఖాతా 2023 నవంబర్ 13 తర్వాత తెరిచినవాళ్లకు. సంస్థ పేరు మీద తెరిచిన ఖాతాలకు ఈ షరతు లేదు. మొదట్లో 20 మంది ఉండాలన్నారు, 2024 డిసెంబర్‌లో 12కు తగ్గించారు. ఆ 12 మందీ క్లోజ్డ్ టెస్ట్‌లో వరసగా 14 రోజులు కొనసాగాలి. ఆ తర్వాతే ప్రొడక్షన్‌కు, అంటే అందరికీ విడుదల చేయడానికి, దరఖాస్తు పెట్టుకోవచ్చు. టెస్ట్ ఎలా జరిగింది, ఏం విన్నారు, ఏం మార్చారు అని అప్పుడు కొన్ని ప్రశ్నలు కూడా అడుగుతారు.

సరిగ్గా 12 మందితో మొదలుపెట్టకండి. మధ్యలో ఒక్కరు బయటికి పోయినా లెక్క తప్పుతుంది. 20 మంది ఉంటే నిశ్చింత. ఇంకొక చిక్కు: చాలామంది ఫోన్లలో రెండు జీమెయిల్ ఖాతాలుంటాయి. మీ జాబితాలో ఒకటి, ప్లే స్టోర్ తెరిచింది ఇంకొకదానితో. లింక్ నొక్కితే యాప్ దొరకలేదని వస్తుంది, "నీ లింక్ పనిచేయట్లేదు" అని మీకు ఫోన్ వస్తుంది. మా బీటా మొదటి రోజు సగం దీనికే సరిపోయింది.

టెస్టర్లను డబ్బిచ్చి తెచ్చుకోవచ్చా? "నీ యాప్ నేను, నా యాప్ నువ్వు" గ్రూపులు కూడా ఉన్నాయిగా?

ఉన్నాయి. గడప దాటడానికి పనికొస్తాయేమో. కానీ మీ యాప్ పాల కేంద్రాలవాళ్లకైతే, ఎక్కడో కూర్చుని రోజుకోసారి తెరిచి మూసే ఇంకో డెవలపర్ మీకేం చెబుతాడు? "బాగుంది బ్రో" అంటాడు. 14 రోజులు ఎలాగూ ఆగాలి కదా, ఆ రోజులు మీకు పనికొచ్చేవాళ్లతో గడపండి.

ఐఫోన్ సంగతి?

టెస్ట్‌ఫ్లైట్ ఉంది, బీటాల కోసం యాపిల్ ఇచ్చే యాప్. బయటి టెస్టర్లు 10,000 మంది వరకు. ప్రతి బిల్డ్‌కూ 90 రోజుల గడువు, ఆ తర్వాత తెరుచుకోదు. బయటివాళ్లకు ఇచ్చే మొదటి బిల్డ్‌ను యాపిల్ ఒకసారి చూసి ఒప్పుకోవాలి.

బీటా ఎన్ని రోజులు నడపాలి?

వాడేవాళ్ల పని ఒక చుట్టు తిరిగేదాకా. మా కొట్లవాళ్లకు అసలు పరీక్ష నెల మొదటి వారంలో. జీతాలు వస్తాయి, బాకీలు తీరుస్తారు, ఒకే రోజు నలభై పద్దులు మారతాయి. రెండు వారాల బీటా 10న మొదలుపెట్టి 24న ముగించి ఉంటే మేం దాన్ని చూసేవాళ్లమే కాదు. ఫీజులు కట్టే యాప్ అయితే జూన్, పంటకు సంబంధించినదైతే సీజన్. తేదీ మీ సౌకర్యాన్ని బట్టి పెట్టుకోకండి.

టెస్టర్లు "పనిచేయట్లేదు" అని మాత్రమే చెబుతున్నారు. ఏం చేయాలి?

తప్పు వాళ్లది కాదు, బగ్ రిపోర్ట్ రాయడం వాళ్ల ఉద్యోగం కాదు. ఫారం ఇచ్చి పదిహేను గళ్లు నింపమంటే ఆ "పనిచేయట్లేదు" కూడా రాదు. ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్ లాంటివి యాప్ తనంతట తాను పంపేలా చేయండి. మనిషిని మూడే అడగండి: ఏం చేయబోయారు, ఏమవుతుందనుకున్నారు, ఏమైంది?

"యాప్ చెత్తగా ఉంది" అన్న మెసేజ్ వస్తే విసుక్కోకుండా ఫోన్ చేయండి. అలా చేస్తే మాకు దొరికిన జవాబు ఇది: "సాయంత్రం ఏడింటికి జనం ఉన్నప్పుడు చక్కెర పద్దు రాసి సేవ్ నొక్కాను. గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఇంకో రెండుసార్లు నొక్కాను. మర్నాడు చూస్తే అదే చక్కెర మూడుసార్లు పడింది." ఇంతకన్నా మంచి బగ్ రిపోర్ట్ ఏ ఇంజినీరూ రాయలేడు. టైమ్ ఉంది, నెట్ మందంగా ఉన్న సంగతి ఉంది, ఎన్నిసార్లు నొక్కారో ఉంది, ఫలితం ఉంది. స్క్రీన్ రికార్డింగ్, వాయిస్ మెసేజ్ అయినా తీసుకోండి. రాయడానికి బద్ధకించేవాళ్లు మాట్లాడమంటే పది నిమిషాలు చెబుతారు.

వందమందిలో ఒక్కరే చెప్పిన సమస్యను పట్టించుకోవాలా?

ఎంతమంది చెప్పారన్నది తర్వాత. ముందు అది ఏం పోగొడుతుందో చూడండి. దీనికి విండోస్ 10 కథ కన్నా మంచి పాఠం నాకు తెలియదు.

మైక్రోసాఫ్ట్ 2014లో విండోస్ ఇన్‌సైడర్ అని పెద్ద బీటా కార్యక్రమం మొదలుపెట్టింది. ముందస్తు బిల్డ్‌లు వాడేవాళ్లు సమస్యలను ఫీడ్‌బ్యాక్ హబ్‌లో రాస్తారు. అదే సమస్య ఉన్న మిగతావాళ్లు దానికి ఓటు వేస్తారు. ఎక్కువ ఓట్లు పడ్డవి పైకి వస్తాయి. వినడానికి న్యాయంగానే ఉంది కదా?

2018 అక్టోబర్ 2న విండోస్ 10 కొత్త అప్‌డేట్ విడుదలైంది. కొందరికి అది ఎక్కించగానే డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమయ్యాయి. అక్టోబర్ 6 కల్లా విడుదల ఆపేశారు. కారణం ఇది. సీ డ్రైవ్‌లో చోటు చాలక డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను డీ డ్రైవ్‌కు మళ్లించుకున్నవాళ్లుంటారు. మళ్లించినా పాత చోట కొన్ని ఫైళ్లు మిగిలిపోతాయి. పాత ఖాళీ ఫోల్డర్లు ఊరికే కనబడుతున్నాయన్న ఫిర్యాదుకు పరిష్కారంగా, అప్‌డేట్ ఆ పాత ఫోల్డర్‌ను తీసేసింది, లోపల ఉన్నవాటితో సహా. సమస్య ఎదురైనట్టు చెప్పినవాళ్లు పదివేలలో ఒకరు మాత్రమేనని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది.

బాధ కలిగించేది ఆ తర్వాతి సంగతి. బీటా వాడినవాళ్లలో కొందరు విడుదలకు ముందే ఈ విషయం ఫీడ్‌బ్యాక్ హబ్‌లో రాశారు. అలా ఫోల్డర్ మళ్లించుకున్నవాళ్లే తక్కువ, అందుకని ఓట్లూ తక్కువ. ఐకాన్ రంగు బాగాలేదన్న ఫిర్యాదుకైతే అందరూ ఓటేయగలరు, ఫైళ్లు పోయినవాడి బాధ వాడొక్కడిదే. అంటే బీటా తన పని తాను చేసింది, వినవలసిన చోట వినపడలేదు. ఆ తర్వాత, సమస్య ఎంత తీవ్రమో రాసేవాళ్లే చెప్పే వీలును హబ్‌లో చేర్చారు. అప్‌డేట్ మళ్లీ విడుదలైంది నవంబర్ 13న.

మా నలుగురిలో నియమం ఒకటి పెట్టుకున్నాం. డబ్బు లెక్క తప్పిందన్నా, డేటా పోయిందన్నా, ఒకరి వివరాలు ఇంకొకరికి కనిపించాయన్నా, ఆ మాట ఒక్కరే అన్నా సరే, ఆ రోజు మిగతా పనులన్నీ ఆగుతాయి.

తెలుగువాళ్లు వాడే యాప్‌కు బీటాలో ప్రత్యేకంగా చూడాల్సినవి ఉన్నాయా?

చాలా ఉన్నాయి, ఎవరూ చూడరు. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. అది "జ్ఞా". మామూలుగా "జ్ఞానం" అని రాస్తే ఏమీ కాదు. జ్ఞకూ దీర్ఘానికీ మధ్య, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ దూరితేనే గొడవ. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట, వ కలిసిపోయి ఒత్తుగా మారకుండా మధ్యలో పెట్టేది అదే. ఐఓఎస్ 11.2.5లో ఈ సమస్య ఉంది. అప్పటికే బీటాలో ఉన్న 11.3లో లేదు. జనం ఆటపట్టించడానికి ఒకరికొకరు ఆ అక్షరాన్ని పంపుకోవడం మొదలుపెట్టేసరికి, 11.3 వచ్చేదాకా ఆగకుండా ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేశారు.

మన యాప్‌ల స్థాయిలో చూడాల్సినవి ఇంకా చిన్నవి. బటన్ ఎత్తు ఇంగ్లిష్‌కు సరిపోయేలా పెడితే తెలుగులో కింద ఒత్తులు తెగిపోతాయి. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటలు పెట్టి చూడండి. పేరు గడిలో ఏ నుంచి జెడ్ వరకే ఒప్పుకుంటే తెలుగు పేరు పోయినట్టే, ఇంటిపేరు పొడి అక్షరానికి చుక్క పెడితే ఎర్ర గీత. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లిస్తే ఇంటిపేరు ఎందులో రాయాలో సగంమందికి సందేహం. ఎస్ఎంఎస్ పంపే యాప్ అయితే ఖర్చు కూడా చూసుకోండి. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు, తెలుగులో 70, గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి. "మీ బాకీ ఇంత, వీలు చూసుకుని కట్టగలరు" అని మర్యాదగా రాసేసరికి మాకు రెండో మెసేజ్‌లోకి పోయింది.

బీటా ఆపి "ఇక పూర్తయింది" అని ఎప్పుడు అనాలి?

జీమెయిల్‌ను చూసి నేర్చుకోకండి. అది 2004 ఏప్రిల్ 1న 1 జీబీ చోటుతో, ఆహ్వానం ఉన్నవాళ్లకే మొదలైంది. బీటా అన్న మాట తీసేసింది 2009 జూలై 7న. ఐదేళ్లు! కోట్లమంది వాడుతున్నా లోగో కింద బీటా అనే ఉండేది. డబ్బు కట్టి కొనాల్సిన కంపెనీలు "బీటా మీద మా ఆఫీసు ఎలా నడుపుతాం?" అని వెనకాడటం దాన్ని తీసేయడానికి ఒక కారణం. పాత అలవాటు పోనివాళ్ల కోసం ఆ మాటను మళ్లీ కనబడేలా చేసుకునే సెట్టింగ్ కూడా ఇచ్చారు.

కొత్త రిపోర్టులు పాతవాటినే తిరిగి చెబుతుంటే, డేటా, డబ్బుకు సంబంధించినవి ఒక్కటీ మిగలకపోతే ఆపండి. "బీటా కదండీ" అని తప్పించుకోవడానికి ఆ మాట అలాగే ఉంచేస్తే వాడేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

బీటా బాగా జరిగింది. ఇక ఒకేసారి అందరికీ ఇచ్చేయవచ్చా?

వద్దు. ప్లేలో స్టేజ్డ్ రోలౌట్ ఉంది, ముందు కొద్ది శాతం మందికి ఇచ్చి, క్రాష్‌లు చూసుకుంటూ పెంచుకుంటూ పోవచ్చు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి ప్రపంచమంతా ఒకేసారి వెళ్లి, దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను కూల్చింది. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసుల ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. విడతలుగా పంపే పద్ధతిని ఆ రకం అప్‌డేట్లకు కూడా వాళ్లు ఆ తర్వాతే పెట్టుకున్నారు.

(వాడేవాళ్ల ప్రశ్న) నా ఫోన్లో ఆండ్రాయిడ్ బీటా, ఐఓఎస్ బీటా వేసుకోవచ్చా?

రెండో ఫోను ఉంటే సరదాగా వేసుకోండి. ఉన్నది ఒక్కటే అయితే, యూపీఐ, బ్యాంకు యాప్, ఆఫీసు మెయిల్ అన్నీ దాంట్లోనే అయితే వద్దు. బ్యాంకు యాప్‌లు బీటా వెర్షన్ మీద తెరుచుకోకపోవచ్చు. కూరగాయల బండి ముందు ఆ సంగతి తెలిస్తే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఒక యాప్ బీటాకు, ఫోను మొత్తం బీటాకు చాలా తేడా ఉంది. యాప్ నచ్చకపోతే ఒక్క నిమిషంలో తీసేస్తారు.

బీటా వాడితే డబ్బులిస్తారా?

సాధారణంగా ఇవ్వరు. తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు: యాపిల్ 2000 సెప్టెంబర్‌లో మ్యాక్ ఓఎస్ టెన్ పబ్లిక్ బీటాను 29.95 డాలర్లకు అమ్మింది, అది కూడా 2001 మే 14 తర్వాత పనిచేయకుండా. యాప్ లోపలి కొనుగోళ్లు టెస్ట్‌ఫ్లైట్‌లో ఉచితం. ప్లే బీటాలో అలా అనుకోకండి, డెవలపర్ మిమ్మల్ని లైసెన్స్ టెస్టర్‌గా చేర్చకపోతే నిజంగానే డబ్బు కట్ అవుతుంది.

నా వివరాలు వాళ్లు చూస్తారా?

బీటా యాప్‌లు మామూలు యాప్‌ల కన్నా ఎక్కువే పంపుతాయి, సమస్య ఎక్కడో వెతకాలి కాబట్టి. ఏం పంపుతారో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు మాత్రం మీరే జాగ్రత్త పడాలి. బగ్ చూపించబోయి బ్యాంకు బ్యాలెన్స్ చూపించినవాళ్లు మా బీటాలోనే ఇద్దరున్నారు.

బీటాలో ఉండి ప్లే స్టోర్‌లో ఒక స్టార్ ఇవ్వవచ్చా?

కుదరదు. బీటాలో ఉన్నంతకాలం మీరు రాసేది డెవలపర్‌కు మాత్రమే చేరుతుంది. కాబట్టి ఉన్నదున్నట్టు రాయండి.

బీటాలోంచి బయటికి రావడం ఎలా?

ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ కిందికి వెళ్తే బీటా నుంచి తప్పుకునే బటన్ ఉంటుంది. అది నొక్కినంత మాత్రాన పాత వెర్షన్ రాదు. కొత్తదాని మీద పాతది ఎక్కదు కనుక, యాప్ తీసేసి మళ్లీ వేసుకోవాలి. తీసేస్తే ఫోన్లోనే దాచుకున్న డేటా పోతుంది. బ్యాకప్ ముందు. టెస్ట్‌ఫ్లైట్‌లో అయితే టెస్టింగ్ ఆపేసి యాప్ స్టోర్ నుంచి మళ్లీ తెచ్చుకోవచ్చు.

ఫోను మొత్తం ఆండ్రాయిడ్ బీటాలో ఉండగా మధ్యలో తప్పుకుంటే ఫోనే తుడిచిపెట్టుకుపోతుంది. అసలు వెర్షన్ వచ్చాక దానికి మారి, అప్పుడు తప్పుకుంటే ఆ బాధ ఉండదు. ఐఫోన్‌లోనూ వెనక్కి రావాలంటే అంతా చెరిపేయాలి, పైగా బీటాలో ఉండగా తీసిన బ్యాకప్ పాత వెర్షన్ మీదికి రాకపోవచ్చు. అందుకని బీటా వేసుకోకముందే కంప్యూటర్‌లో ఒక బ్యాకప్ తీసి పక్కన పెట్టుకోండి.